తూకానికి రాక్ సంగీతం

పాలిష్ మాస్టారికి సంగీతం అంటే ప్రాణం. డబ్బంటే అంతకంటే ఇంకొంచెం ఎక్కువ ప్రాణం. ఈ రెండు ప్రాణాలూ ఒకే ఒంట్లో పోట్లాడుకోకుండా కాపురం చేయడం మామూలు విషయం కాదు. అయినా ఆయన చేయించాడు. ఎలాగంటే, రాక్ సంగీతాన్ని కిలోల లెక్కన కొనడం మొదలుపెట్టాడు.

జనం పాటల్ని కంప్యూటర్లలోకి ఎక్కించుకుని, సీడీలను అట్టపెట్టెల కొద్దీ వదిలించుకుంటున్న రోజులవి. వంతెన కింద ఒక పాత సామాన్ల కొట్టు ఉండేది. ఆ కొట్టాయనకు లోకంలో ఏ వస్తువు విలువైనా తక్కెడలో వేస్తేనే తెలిసేది. పుస్తకాలు, గిన్నెలు, గోడ గడియారాలు, పెళ్ళి ఫోటోల ఫ్రేములు, అన్నీ తూకానికే. అందుకే అందరూ ఆయన్ని తూకం మామ అనేవారు. సీడీలు కూడా తూకానికే ఇస్తాడని తెలిసిన రోజున పాలిష్ మాస్టారు కొట్టు మధ్యలో నిలబడిపోయాడు. కిలో ఉల్లిపాయల ధరకు కిలో రాక్ సంగీతం! పైగా ఉల్లిపాయలైతే కుళ్ళిపోతాయి.

అక్కడితో ఆగితే ఆయన మాస్టారు ఎందుకవుతాడు? మొదటి కిలో తూస్తుండగానే బుర్రలో దీపం వెలిగింది. బిళ్ళ బరువెంత, దాన్ని మోసే ప్లాస్టిక్ పెట్టె బరువెంత?

"మామా, నాకు పెట్టెలొద్దు. లోపలి బిళ్ళలు చాలు."

"మరి అట్టలు, కాగితాలు?"

"పాట వింటాంగానీ కాగితం వింటామా?"

కొట్లోనే చతికిలబడి ఒక్కో బిళ్ళనూ ఊడదీసి తక్కెడలో వేసుకున్నాడు. బృందాల పేర్లు, పాటల పేర్లు, ఆ జుట్టు విరబోసుకున్న మనుషుల ఫోటోలు అన్నీ అక్కడే కుప్పగా వదిలేశాడు. పెట్టెలతో అయితే పది కూడా తూగని కిలోకి ఇప్పుడు సంచీ నిండా వచ్చాయి. తూకం మామ ఆ ఖాళీ పెట్టెల్ని ప్లాస్టిక్ కొనేవాడికి విడిగా అమ్ముకున్నాడు. ఎదుటివాడి నెత్తిన చెయ్యి పెట్టానన్న తృప్తితో ఇద్దరూ ఆ రోజు హాయిగా భోంచేశారు.

ఇక ఇంటికొచ్చిన సంగీతానికి పేర్లు లేవు. బిళ్ళ మీద అచ్చయిన అక్షరాలు సగం చెరిగిపోయి ఉండేవి, చెరగనివి చదవడానికి ఆయనకు ఓపిక ఉండేది కాదు. అందుకని పేర్లు తనే పెట్టాడు. గిటారు ములుకులా పొడిచే పాటకు 'పన్ను నొప్పి' అన్నాడు. గాయకుడు ఆగి ఆగి అరిచే పాట 'లిఫ్టు ఆగింది'. మొదట మెల్లగా మొదలై చివర ఇల్లు ఎగరగొట్టేది 'అత్తగారి అలక'. ఈ పేర్లన్నీ నల్ల స్కెచ్ పెన్నుతో బిళ్ళల మీద రాసి, కొత్తగా వచ్చిన అల్లుడి గురించి చెప్పినంత గర్వంగా ఇంటికొచ్చిన వాళ్ళకు చెప్పేవాడు.

ఆయన భార్య కంటి ఆసుపత్రిలో టోకెన్ నంబర్లు పిలిచే ఉద్యోగం చేసేది. రోజంతా గట్టిగా పిలిచీ పిలిచీ, ఇంటికొచ్చాక ఆవిడ మాటలు పొదుపుగా వాడేది. "ఊరికే వస్తే ఫినాయిల్ అయినా తాగే రకం మీరు" అంది మొదటి సంచీ చూసి. పదో సంచీ వచ్చేసరికి ఆ మాట కూడా మానేసి, బట్టల బీరువాలో తన అర మాత్రం తాళం వేసుకుంది.

ఇంతకీ ఆయన్ని పాలిష్ మాస్టారు అని ఎందుకంటారో చెప్పలేదు కదూ. పళ్ళ డాక్టర్లు పంపించే అచ్చులు చూసి కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో ఆయన పని. మైనం పోయడం, పళ్ళు అమర్చడం వేరేవాళ్ళు చేస్తారు. చివరికి సెట్టు ఆయన బల్ల మీదికి వస్తుంది. మోటారుకు గుడ్డ చక్రం తగిలించి, తడిపిన పాలిష్ పొడి పూసి, చిగుళ్ళు నిగనిగలాడేలా చేయడం ఆయన వంతు. ఆ ఊళ్ళో ముసలివాళ్ళు ఎంతమంది నవ్వినా అందులో కొంత మెరుపు ఆయనదే. ఆ సంగతి నవ్వేవాళ్ళకు తెలియదు, ఆయన మాత్రం బస్సులో ఎవరైనా పెద్దావిడ నవ్వితే పక్కవాళ్ళకు చెప్పకుండా ఉండలేడు.

గోనెసంచుల్లో పడి వచ్చిన సీడీలకు గీతలు ఉండవా? ఉంటాయి. గీతలున్న వస్తువు పాలిష్ మాస్టారి కంటపడితే ఊరుకుంటాడా? ఊరుకోడు. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక, ఒక్కో బిళ్ళనూ గుడ్డ చక్రానికి ఆనించి, పళ్ళకు పట్టినట్టే పట్టేవాడు. అద్దంలా చేసి గానీ ఇంటికి తెచ్చేవాడు కాదు. ముందు పాలిష్, తర్వాతే పాట. ఇది ఆయన నియమం. మురికి బిళ్ళను మిషన్లో పెట్టడం మొహం కడుక్కోకుండా పెళ్ళికి వెళ్ళడం లాంటిదని ఆయన అభిప్రాయం.

పాటలు వినేటప్పుడు అక్కడక్కడా గెంతేవి. ఒక మాట సగంలో ఉండగా ఇంకో మాటలోకి, ఒక వరసలో నుంచి నాలుగో వరసలోకి. దీనికీ ఆయన దగ్గర సిద్ధాంతం ఉంది.

"రాక్ అంటేనే అంత. మన పాటలు నడుస్తాయి, ఇవి గెంతుతాయి. అది అర్థం కావాలంటే చెవి ఉండాలి" అనేవాడు బావమరిదితో. బావమరిది తనకు చెవి ఉందని నిరూపించుకోవడానికి తల ఊపి, ఆ తర్వాత ఆరు నెలలు ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ గెంతులన్నీ నోరు తెరుచుకుని విన్న మనిషి ఇంట్లో ఒక్కతే ఉంది. ఆయన కూతురు. చిన్నప్పటి నుంచీ కంచం మీద, తలుపు మీద, తండ్రి వీపు మీద ఏదో ఒకటి వాయిస్తూ ఉండేదని వాళ్ళమ్మ 'దరువు' అని పిలిచింది. అదే పేరైపోయింది. ల్యాబులో ఖాళీ అయిన ప్లాస్టర్ డబ్బాలు నాలుగు తెచ్చి బోర్లించి ఇచ్చాడు తండ్రి. ఖర్చు లేని పని కదా, ఎంత ప్రేమైనా చూపించొచ్చు. వాటి మీదే నేర్చుకుంది. తర్వాత స్కూల్లో సంగీతం గదిలో నిజం డ్రమ్ములు దొరికాయి. చదువు అంతంత మాత్రం, స్నేహితులు అంతంత మాత్రం, నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు. చేతిలో రెండు పుల్లలు ఉన్నప్పుడు మాత్రం ఆ పిల్ల నిటారుగా కూర్చునేది. తండ్రి సీడీల్లో ఉన్న ప్రతి పాటా ఆమె చేతులకు వచ్చు. పొల్లు పోకుండా వచ్చు.

స్కూలు అయిపోయింది. దానితో పాటే ఆ డ్రమ్ములూ అయిపోయాయి. సరిగ్గా అప్పుడే గిటార్లు బాగుచేసే కొట్టు తలుపు మీద ఒక కాగితం కనిపించింది. ఊళ్ళో పేరున్న ఒక రాక్ బృందానికి డ్రమ్ములు వాయించే మనిషి కావాలి, ఆదివారం మధ్యాహ్నం పరీక్ష. దరువు మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"అమ్మా, ఇది రాకపోతే నేనింక ఎక్కడ వాయించను?" అంది.

"వస్తుందిలే" అంది తల్లి. ఆవిడ పొదుపులో అది పెద్ద ఖర్చే.

ఆ బృందం సాధన చేసే గది ఒక టైర్ల దుకాణం పైన ఉంది. శబ్దం బయటికి పోకుండా గోడలకు గుడ్ల అట్టలు అంటించారు. కింద నుంచి రబ్బరు వాసన, పైన పాత తివాచీ వాసన. లోపల ముగ్గురు. గిటారు వాయించే జులపాల మనిషి, వారమంతా మోటార్ సైకిళ్ళు బాగు చేస్తాడు కాబట్టి గోళ్ళు నల్లగా ఉన్నాయి. పాడే అమ్మాయి బ్యాంకులో క్యాషియరు. మూడో ఆయన బేస్ గిటారు, అసలు మాట్లాడడు. బయట మెట్ల మీద ఇంకొక పోటీదారు, వేలికో ఉంగరం పెట్టుకున్న మనిషి, తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. పాలిష్ మాస్టారు కూతురి వెంట లోపలికొచ్చి, ఎవరూ పిలవకపోయినా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏ పాట వాయిస్తావు?" అన్నాడు జులపాలు.

"'పన్ను నొప్పి' వాయిస్తానండీ."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బేస్ ఆయనకు నిజంగానే పన్ను నొప్పి ఉందేమో, దవడ పట్టుకున్నాడు. దరువు సిగ్గుతో ఎర్రబడి, మోకాలి మీద నాలుగు వరసలు వాయించి చూపించింది.

"ఓ, అదా!" జులపాల మనిషి మొహం విప్పారింది. "అది రాని డ్రమ్మరు ఉండడులే. రా, కూర్చో."

మొదలుపెట్టారు. పిల్ల చేతులు చూసి పాడే అమ్మాయి కనుబొమలు పైకి లేచాయి. రెండో చరణానికి జులపాల మనిషి కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. పాలిష్ మాస్టారు కుర్చీలో నిటారుగా అయి, ఈ పిల్ల మా పిల్లే అని ఎవరికి చెప్పాలా అని చుట్టూ చూశాడు. అప్పుడు పాట మధ్యలోకి వచ్చింది. గిటారు ఆగింది. బేస్ ఆగింది. పాడే అమ్మాయి మైకు పక్కకు తిప్పింది. ముగ్గురూ చేతులు దించి, నీదే ఇక అన్నట్టు పిల్ల వైపు తిరిగారు.

దరువు ఒక్క గెంతు గెంతి తర్వాతి చరణంలోకి వెళ్ళిపోయింది.

పిల్ల చరణంలో ఉంది, వాళ్ళు ఇంకా నిలబడే ఉన్నారు. కంగారుగా ఎవరికి దొరికిన చోట వాళ్ళు అందుకున్నారు. కాసేపు నలుగురూ నాలుగు పాటలు వాయించారు, తర్వాత అన్నీ ఆగిపోయాయి.

"ఏమైంది? భయపడ్డావా?" అన్నాడు జులపాల మనిషి.

"లేదండీ. మీరే ఆగిపోయారు."

"నీ కోసమే ఆగాం. అక్కడ డ్రమ్ములొక్కటే మోగాలిగా. ఆ పాటకు అదే ప్రాణం."

"అక్కడ అలాంటిదేం లేదండీ."

మళ్ళీ వాయించారు. మళ్ళీ అదే చోట వాళ్ళు ఆగారు, అదే చోట ఈ పిల్ల గెంతింది. పాడే అమ్మాయి నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగింది. "ఆడలేక మద్దెల ఓడంటారు. మద్దెల వాయించేవాళ్ళు ఎవరిని అంటారో?" అంది మెల్లగా. మెల్లగా అంటే, గదిలో అందరికీ వినపడేంత మెల్లగా.

పాలిష్ మాస్టారు లేచి నిలబడ్డాడు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

"బాబూ, మీరు ఏ దొంగ కాపీలు విన్నారో నాకు తెలీదు. మా ఇంట్లో అసలు సీడీ ఉంది. నా కూతురు వాయించిందే అసలు పాట. మీరు కలిపిన ముక్క అందులో లేదు. తెచ్చి వినిపించమంటారా?"

"నాన్నా, వద్దు."

"నువ్వుండమ్మా. న్యాయం తేలాలి."

ఆయన టాక్సీ ఎక్కాడు. ఈ ఒక్క వాక్యం చాలు, ఆ రోజు ఎంత పట్టుదల మీద ఉన్నాడో తెలియడానికి. తన పెళ్ళికి కూడా బస్సులోనే వెళ్ళిన మనిషి.

"మళ్ళీ వచ్చారేం? పిల్లేది?" అంది భార్య తలుపు తీసి.

"అక్కడే ఉంది. సాక్ష్యం పట్టుకెళ్ళాలి." బీరువా ముందు కూలబడి బిళ్ళల దొంతరలు తిరగేశాడు.

"ఉల్లిపాయల ధరకు కొన్న సాక్ష్యాన్ని నమ్ముకుని పిల్లని అక్కడ కూర్చోబెట్టి వచ్చారా?"

"కిలోకి కొన్నా బంగారం బంగారమే."

"బంగారం అయితే ముందు గీటురాయి మీద పెట్టి చూస్తారు, తర్వాత మెరుగు పెడతారు" అంది ఆవిడ. ఆయన వినలేదు. 'పన్ను నొప్పి' దొరికింది.

ఆ గదిలో పెద్ద పెద్ద స్పీకర్లున్నాయి. ఇంట్లో అరచేతంత స్పీకరు డబ్బాలో విన్న పాట ఇక్కడ ఛాతీలో మోగింది. మాస్టారు చేతులు కట్టుకుని, తీర్పు కోసం ఎదురుచూసే మనిషిలా కాక, తీర్పు చెప్పబోయే మనిషిలా నిలబడ్డాడు. ఆ చోటు వచ్చింది. స్పీకర్లలో 'టక్' మని ఒక చప్పుడు వచ్చి, పాట తర్వాతి చరణంలోకి దూకింది.

ఇంటి డబ్బాలో ఆ 'టక్' ఎప్పుడూ వినపడలేదు. ఇక్కడ చెవిటివాడికైనా వినపడుతుంది.

ముందు నవ్వింది బేస్ ఆయన. మాట్లాడని మనిషికి అంత నవ్వు ఎక్కడ దాగిందో. జులపాల మనిషి బిళ్ళ తీసి ట్యూబ్‌లైటు కింద వాల్చి చూశాడు. "ఇదిగో, ఇక్కడ అరిగిపోయింది. ఎక్కడ కొన్నారండీ దీన్ని?"

మాస్టారు బిళ్ళ అందుకున్నాడు. అద్దంలాంటి మెరుపు మధ్యలో, చంద్రవంకలా సన్నటి పల్లం. అలాంటి పల్లం ఎలా పడుతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. చక్రానికి ఆనించిన చెయ్యి ఒక్క క్షణం ఒకే చోట నిలిస్తే పడుతుంది. ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళు పళ్ళ సెట్ల మీద ఇలాంటి వంకే పడేస్తే, "మెరవడం కోసం అరగదీస్తే అసలుకే ఎసరు" అని ఆయనే తిట్టేవాడు. ఇది తూకం మామ సంచిలో పడిన గీత కాదు. ముందున్న యజమాని నిర్లక్ష్యం కాదు. ఇది తన చెయ్యి.

"ఆ పాత సామాన్ల కొట్టువాడు... వాడు చేసిన మోసం" అన్నాడు. నోరు అలవాటు ప్రకారం ముందు వెళ్ళిపోయింది.

దరువు పుల్లలు డ్రమ్ము మీద పెట్టి లేచింది. ఏడుపు మొహమే గానీ, తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

"పోనీలే నాన్నా, నువ్వేం చేస్తావు? ఇంటికెళ్ళాక ఇంకోసారి బాగా పాలిష్ పట్టు. ఆ ముక్క వస్తుందేమో. వస్తే నేర్చుకుంటాను." తర్వాత జులపాల మనిషి వైపు తిరిగి అడిగింది. "వచ్చే ఆదివారం మళ్ళీ రావచ్చాండీ?"

"శనివారం మాకు కచేరీ ఉందమ్మా. ఇవాళే తేల్చుకోవాలి. బయట ఇంకొకాయన కూర్చున్నాడు." ఆయన మాటలో కోపం లేదు, జాలి ఉంది. అది ఇంకా అన్యాయం.

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. తూకం మామ వచ్చి వాదించడు. పిల్ల ఇంటికొస్తుంది, రెండు రోజులు ఏడుస్తుంది, తండ్రి మంచివాడు, లోకం మోసకారిది అని నిద్రపోతుంది. పాలిష్ మాస్టారికి ఈ బేరం చాలా చవకగా కనిపించింది. చవక బేరం వదులుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

"పాలిష్ పడితే రాదమ్మా" అన్నాడు.

"ఎందుకు రాదు?"

"పాలిష్ పట్టబట్టే పోయింది."

పాడే అమ్మాయి నవ్వు ఆగిపోయింది. దరువు తండ్రి భుజం మీది చెయ్యి తీసేసింది.

"నీకు తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది. ఒట్టు."

"మరి మిగతావి? మిగతా సీడీలు?"

"అన్నీ పట్టాను."

"పట్టకముందు ఒక్కటైనా విన్నావా నాన్నా?"

ఆయన దగ్గర ప్రతి దానికీ సిద్ధాంతం ఉండేది. దీనికి లేదు. తల అడ్డంగా ఊపాడు.

"నేను వాయించాల్సిన ముక్కలే అరగదీసేశావు. పైగా రాక్ అంటే గెంతడమే అన్నావు. నేను నమ్మాను." ఆ పిల్ల అరవలేదు. అరిచి ఉంటే బాగుండును అనిపించింది ఆయనకు. భూమిలోకి దిగిపోవాలనిపించింది, కానీ కింద టైర్ల దుకాణం ఉంది.

దరువు గిరుక్కున తిరిగి డ్రమ్ముల ముందు కూర్చుంది. నలుగురిలో నోరు విప్పని పిల్ల, ముగ్గురినీ ఒకేసారి చూసి అడిగింది.

"ఆ ముక్క ఎంతసేపు ఉంటుంది?"

"ఎవరి సత్తా కొద్దీ వాళ్ళు" అంది పాడే అమ్మాయి. "నువ్వు మా వైపు చూసేదాకా మేం కదలం."

"నాకు అది రాదు. ఎప్పుడూ వినలేదు."

"విన్నదే వాయించాలని ఎవరన్నారు?"

"అయితే మళ్ళీ మొదలుపెట్టండి."

మొదలుపెట్టారు. మొదటి చరణం, రెండో చరణం. ఆ చోటు వచ్చింది. గిటారు ఆగింది, బేస్ ఆగింది, మైకు పక్కకు తిరిగింది. ఆ నిశ్శబ్దంలో, ఇన్నేళ్ళ అలవాటున, పాలిష్ మాస్టారు గొంతెత్తి తర్వాతి చరణం అందుకున్నాడు. మాటలు రావు కాబట్టి "లాలలా" అని. గుడ్ల అట్టల గోడల మధ్య ఆయన గొంతు ఒక్కటే ఒంటరిగా తిరిగింది.

"నాన్నా, ఆగు" అంది దరువు. "ఇది నాది."

ఆయన చేత్తో నోరు మూసుకున్నాడు.

ముందు రెండు దెబ్బలు పడ్డాయి, తడబడుతూ. ఒక పుల్ల జారబోయింది, పట్టుకుంది. మూడోది గట్టిగా పడింది. ఆ తర్వాత ఇక లెక్క దొరకలేదు. చేతులు అటు వెళ్తాయనుకుంటే ఇటు వెళ్ళాయి. ఆగిపోయిందనుకుంటే లోపలి నుంచి పెద్ద డ్రమ్ము కాలితో అందుకుంది. బాగుందో లేదో మాస్టారికి తెలియలేదు. తర్వాత ఏం వస్తుందో తెలియని పాటను ఆయన వినడం ఇదే మొదలు, తల ఎక్కడ ఊపాలో కూడా అర్థం కాలేదు. శభాష్ అని అరవాలని నోటి దాకా వచ్చింది. తనకు ఆ హక్కు ఎంతవరకు మిగిలిందో తేల్చుకోలేక, నోటి మీది చెయ్యి తీయలేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం ఆయన అనుమతి కోసం ఆగలేదు.

ఉంగరాల మనిషి తలుపు దగ్గరికొచ్చి కాసేపు నిలబడి విన్నాడు. జులపాల మనిషి ఆయన దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పి, చెయ్యి కలిపి, మెట్ల దాకా పంపించి వచ్చాడు. వచ్చి గిటారు మెడలో వేసుకుని, పిల్ల ఎప్పుడు చూస్తుందా అని ఎదురుచూస్తూ నిలబడ్డాడు. దరువు ఇంకా వాళ్ళ వైపు చూడలేదు. తండ్రి వైపు అసలే చూడలేదు.